రిపోర్టులన్నీ నార్మల్, మనిషి మాత్రం మామూలుగా లేడు: ఇంట్లో మానసిక సమస్యల్ని గుర్తుపట్టడం ఎలా

మన ఇళ్లల్లో ఎవరూ వచ్చి "నాకు డిప్రెషన్ వచ్చింది" అని చెప్పరు. నీరసంగా ఉంది అంటారు, తల బరువెక్కింది అంటారు, గ్యాస్ పైకి తన్నుతోంది అంటారు, నరాలు లాగేస్తున్నాయి, అరికాళ్లు మంటలు, గుండె దడ. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికెళ్లి ఒక సెలైన్ ఎక్కించుకుంటారు, రెండ్రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలు. తర్వాత టౌన్‌లో స్కానింగ్, ఆ తర్వాత సిటీలో ఎండోస్కోపీ, ఎమ్మారై, రిపోర్టులన్నీ నార్మల్. చివరికి ఎవరో ఒక డాక్టర్ "మీకేం లేదమ్మా, టెన్షన్ పెట్టుకోకండి" అని పంపించేస్తారు. విషయం చేజారిపోయేది సరిగ్గా అక్కడే. ఎందుకంటే ఆ మనిషికి బాధ నిజంగానే ఉంది, నటన కాదు, మనసులో ఉన్న జబ్బు ఒంట్లోంచి మాట్లాడుతోంది అంతే.

కాబట్టి ఇంట్లో ఎవరైనా నెలల తరబడి ఒంటి బాధలతో డాక్టర్లను మారుస్తూ తిరుగుతుంటే, పరీక్షల్లో ఏమీ దొరక్కపోతే, నిద్ర ఎలా పడుతోంది, మనసెలా ఉంటోంది అని అడగడం మొదలుపెట్టండి. ఒంటి పరీక్షలు మానేయమని కాదు. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువున్నా, బీ12 లోపించినా అచ్చం డిప్రెషన్ లాగే నీరసం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటాయి. థైరాయిడ్ ఎక్కువైతే ఆందోళన జబ్బులాగే గుండె దడ, చేతుల వణుకు, చెమటలు. ఆ కాసిని రక్త పరీక్షలు ఒకసారి చేయించుకోవాల్సిందే. ఒకసారి చాలు, అవే పరీక్షలు ఆరు ఆస్పత్రుల్లో అక్కర్లేదు.

బెంగళూరు నిమ్‌హాన్స్ అనే జాతీయ మానసిక వైద్య సంస్థ వాళ్లు 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. మన రెండు రాష్ట్రాలూ అందులో లేవు గానీ అంకెలు చూస్తే మనకు వేరుగా ఉంటుందనుకోవడానికి కారణం కనపడదు: పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఆ సమయానికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది, డిప్రెషన్, ఆందోళన లాంటి మామూలు సమస్యలున్నవాళ్లలో దాదాపు 85 శాతం మందికి వైద్యమే అందలేదు. నూటికి పది మంది అంటే మీ అపార్ట్‌మెంట్‌లో ఉన్నారు, మీ వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపులో కూడా ఉన్నారు, రోజూ గుడ్ మార్నింగ్ ఫొటోలు పెడుతూనే ఉండి ఉంటారు.

పాత మనిషితో పోల్చి చూడండి

పక్కింటివాళ్లతోనో తమ్ముడితోనో పోల్చకండి, ఆ మనిషే ఆరు నెలల కిందట ఎలా ఉండేవాడు, ఇప్పుడెలా ఉన్నాడు అన్నదే చూడాలి. కొందరు మొదట్నుంచీ పెద్దగా మాట్లాడరు, అది వాళ్ల తీరు, జబ్బు కాదు. కానీ ఏ పెళ్లికెళ్లినా పందిరంతా తనదే అన్నట్టు తిరిగే బాబాయి ఈమధ్య రెండు ఫంక్షన్లకు రాలేదంటే, వచ్చినా భోంచేసి వెంటనే కారెక్కేశాడంటే, అది గమనించాల్సిన సంగతి. నిద్ర, తిండి, పని, మనుషులు, ఈ నాలుగింట్లో ఏది మారిందో చూడండి, ఎప్పట్నుంచి మారిందో క్యాలెండర్ మీదో ఫోన్‌లోనో రాసుకోండి. రోజూ నిఘా పెట్టినట్టు వద్దు, వారానికి రెండుసార్లు ఒక లైను రాస్తే చాలు, రేపు డాక్టర్ దగ్గర "ఎప్పట్నుంచి?" అంటే "చాలా రోజుల్నుంచండీ" అని నీళ్లు నమలక్కర్లేదు.

ఒకటి రెండు రోజుల దిగులుకు భయపడక్కర్లేదు. పరీక్ష పోయిందని, పంట పోయిందని, సంబంధం తప్పిపోయిందని బాధపడటం జబ్బు కాదు. ఇంట్లో మనిషి పోయినప్పుడు ఏడుపు నెలల తరబడి వస్తూ పోతూ ఉండటమూ జబ్బు కాదు, అలాంటివాళ్లు ఏడుస్తూనే మధ్యలో పోయినాయన చేసిన అల్లరి చెప్పుకుని నవ్వుతారు కూడా. మార్పు రెండు వారాలు దాటి రోజూ ఉంటే, దాని వల్ల ఉద్యోగమో చదువో ఇంటి పనో కుంటుపడితే, అప్పుడు ఊరుకోకూడదు.

డిప్రెషన్ ఎలా కనిపిస్తుంది

ఏడుస్తూ కూర్చుంటేనే డిప్రెషన్ అనుకుంటారు చాలామంది, అది సినిమాల వల్ల వచ్చిన తిప్పలు. చాలామందిలో ఏడుపే రాదు, ఏదీ అనిపించదు. సీరియల్ ఒక్క ఎపిసోడ్ వదలని అమ్మ టీవీ ముందే కూర్చుంటుంది, కథ ఎక్కడిదాకా వచ్చిందంటే చెప్పలేదు. రోజుకు రెండుసార్లు పొలం వెళ్లి గట్టు మీద నిలబడందే తోచని నాన్న పొలానికి పురుగుల మందు కొట్టే రోజు కూడా కూలీలను పంపించి మంచమ్మీద ఉండిపోతాడు. ఇష్టమైన కూర వండినా రుచి లేదంటారు, లేదా దానికి పూర్తి విరుద్ధంగా ఎప్పుడూ ఏదో ఒకటి తింటూనే ఉంటారు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసి మళ్లీ పట్టదు, పొద్దున లేవడమే కొండ ఎక్కినట్టుంటుంది, సాయంత్రానికి కాస్త తేరుకుంటారు. ఈ పొద్దున బరువు, సాయంత్రం తేలిక అన్నది చాలామంది బద్ధకం కింద లెక్కేస్తారు, "పనున్నప్పుడు పడుకుంటాడు, పనయ్యాక తిరుగుతాడు" అని. జాగ్రత్తగా చూడండి, బద్ధకస్తుడు పడుకుని హాయిగా ఉంటాడు, ఈ మనిషి పడుకున్నా హాయిగా లేడు.

పేపర్లో ఒకే లైను మళ్లీ మళ్లీ చదవడం, ఉప్పు రెండుసార్లు వేయడం, చిన్న నిర్ణయానికి గంటలు పట్టడం కూడా ఇందులో భాగమే. మాటల్లో "అంతా నా వల్లే", "నేను దేనికీ పనికిరాను" అన్నది పదే పదే వస్తుంది. మగవాళ్లలో ఇదంతా తరచుగా కోపంగా బయటికొస్తుంది, పిల్లల మీద అరుపులు, బండి రాష్‌గా నడపడం, తాగుడు పెరగడం. ఆయనకు కోపం ఎక్కువైందని అందరూ అంటారు, దిగులని ఎవరికీ తట్టదు.

డాక్టర్లు తొమ్మిది లక్షణాలు చూస్తారు: దిగులు, ఆసక్తి పోవడం, నిద్ర, ఆకలి, నీరసం, తనను తాను తక్కువ చేసుకోవడం, ఏకాగ్రత లేకపోవడం, కదలికలు మందగించడం లేదా నిలకడ లేకపోవడం, చావు ఆలోచనలు. వీటిలో ఐదు, కనీసం రెండు వారాలు, దాదాపు రోజూ ఉండాలి, ఆ ఐదులో మొదటి రెండింట్లో ఒకటి ఉండి తీరాలి. వీటినే ప్రశ్నలుగా చేసిన పీహెచ్‌క్యూ-9 అన్న కాగితం ఉంది, ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టర్‌కు చూపించుకోవడం మంచిది. చావు గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాకుండా ఇంకేం వచ్చినా, మొత్తం ఎంతైనా సరే, అది ఆ రోజే మాట్లాడాల్సిన విషయం. ఫోన్‌లో ఆ కాగితం నింపేసి "నాకు డిప్రెషన్" అని స్టేటస్ పెట్టుకునేవాళ్లూ ఉన్నారు, అది జల్లెడ మాత్రమే, జబ్బు ఉందో లేదో తేల్చేది కాదు.

గుండె దడ, గ్యాస్, భయం

ఆందోళన జబ్బున్నవాళ్లకు ఒక విషయం మీద టెన్షన్ ఉండదు, టెన్షన్ ముందు ఉంటుంది, విషయం తర్వాత దొరుకుతుంది. అబ్బాయి ఫోన్ ఎత్తకపోతే యాక్సిడెంట్ అయిపోయిందే అనుకుంటారు, ఎత్తాక కరెంటు బిల్లు గురించి మొదలు. మెడ, భుజాలు బిగుసుకుపోవడం, ప్రయాణమంటే రెండుసార్లు బాత్రూమ్‌కు పరుగెత్తడం, మాటిమాటికీ మూత్రం, పడుకుంటే నిద్ర పట్టకపోవడం. నెలల తరబడి, ఆరు నెలలు అటూ ఇటూగా, చాలా రోజులు ఇలాగే గడిస్తే అది స్వభావం అని వదిలేయకూడదు. "మా అత్తగారు మొదట్నుంచీ కంగారు మనిషే" అంటారు, ఆ కంగారు మనిషికి వైద్యం చేయిస్తే అరవై ఏళ్లకు మొదటిసారి కంటినిండా నిద్రపోవచ్చు.

ప్యానిక్ అటాక్ వేరు. ఉన్నట్టుండి, ఏ కారణమూ లేకుండా, గుండె డప్పు కొట్టినట్టు కొట్టుకుంటుంది, ఊపిరి అందదు, చేతులు తిమ్మిర్లు, చెమటలు, ఇక చచ్చిపోతున్నాను అన్న భయం. కొద్ది నిమిషాల్లోనే తారస్థాయికి వెళ్లి, ఆ తర్వాత నెమ్మదిగా దిగుతుంది. అర్ధరాత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్తారు, ఈసీజీ నార్మల్. మొదటిసారి వచ్చినప్పుడు, ముఖ్యంగా నలభై దాటినవాళ్లకు, షుగర్ బీపీ ఉన్నవాళ్లకు, అలా ఆస్పత్రికి వెళ్లడమే సరైన పని, ఛాతీ నొప్పిని ఇంట్లో కూర్చుని ప్యానిక్ అనో గ్యాస్ అనో తేల్చేయకండి. గుండె బాగుందని తేలాక కూడా మళ్లీ మళ్లీ వస్తుంటే, మళ్లీ వస్తుందేమోనన్న భయంతో బస్సెక్కడం, లిఫ్టెక్కడం, ఒంటరిగా బయటికెళ్లడం మానేస్తుంటే, అప్పుడు చూపించాల్సింది మానసిక వైద్యులకు. ఇది బాగా తగ్గే జబ్బుల్లో ఒకటి, అయినా కార్డియాలజిస్టుల చుట్టూ తిరగడంలోనే ఏళ్లు గడిచిపోతుంటాయి.

ఇక్కడొక మాట. నిద్ర పట్టట్లేదని మెడికల్ షాపులో చీటీ లేకుండా అల్ప్రాజోలం కొనుక్కుని వేసుకునేవాళ్లు చాలామంది. ఆ రాత్రికి బాగానే ఉంటుంది, కొన్ని వారాలకు అది లేకపోతే నిద్రే రాదు, అకస్మాత్తుగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. మానసిక వైద్యులు రాసే మందులన్నీ అలవాటైపోతాయన్న భయం మనవాళ్లకు ఈ మాత్రల వల్లే పట్టుకుంది, నిజానికి డిప్రెషన్ మందులు ఆ రకం కావు.

కుర్రాళ్ల సంగతి కూడా చెప్పాలి. "నరాల వీక్‌నెస్", "ధాతువు పోతోంది" అంటూ బక్కచిక్కిపోయి, తలెత్తకుండా తిరిగే పాతికేళ్ల కుర్రాడికి చాలాసార్లు ఉన్నది ఆందోళనో డిప్రెషనో, దాని మీద అపరాధ భావం. బస్టాండ్ గోడల మీద ప్రకటనలేసి లాడ్జిలో ఫలానా తారీఖున కలవండి అనేవాళ్లు సరిగ్గా ఈ కుర్రాళ్ల జేబులే ఖాళీ చేస్తారు. వీళ్లను వెక్కిరించకుండా వినే ఒక్క పెద్దమనిషి ఇంట్లో ఉంటే ఆ లాడ్జి గది మెట్లెక్కరు.

మడి వేరు, ఓసీడీ వేరు

మడి కట్టుకునే మామ్మకు పని పూర్తయ్యాక తృప్తి ఉంటుంది. ఓసీడీ, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనలతో చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు, ఉన్నవాళ్లకు అదే ఉండదు, చేతులు కడిగి, మళ్లీ కడిగి, చర్మం పగిలి రక్తం వచ్చినా ఇంకా మురికి ఉందేమోనన్న అనుమానం పోదు, పోదని వాళ్లకూ తెలుసు, ఆపుకోలేరు. సింటెక్స్ ట్యాంకు మధ్యాహ్నానికే ఖాళీ అయిపోతోందా, స్నానానికెళ్తే రెండు గంటలా, సిలిండర్ కట్టేశానా అని తాళం వేశాక నాలుగుసార్లు వెనక్కి వస్తున్నారా, రోజులో గంటకు పైగా ఇలాంటి వాటికే పోతోందా, అయితే చూపించండి. బయటికి కనపడని ఓసీడీ ఇంకా కష్టం. దేవుడి ముందు నిలబడితే బూతు ఆలోచనలు వస్తాయి, ఎత్తుకున్న బిడ్డనే ఏదో చేసేస్తానేమోనని భయం వేస్తుంది. వాళ్లు అలాంటివాళ్లు కాబట్టి రావు ఆ ఆలోచనలు, వాళ్లకు అవంటే అసహ్యం కాబట్టే అంత నరకం. ఎవరికైనా చెబితే ఏమనుకుంటారోనని ఏళ్ల తరబడి దాచుకుంటారు, గుడి మానేస్తారు, పిల్లల్ని ఎత్తుకోవడం మానేస్తారు. మీ ఇంట్లో ఎవరైనా అలా మానేస్తే నాస్తికుడైపోయాడనో ప్రేమ లేదనో తీర్మానించే ముందు మెల్లగా అడగండి.

గాలి సోకింది, చేతబడి చేశారు అనుకునేవి

బోనాల్లో, జాతరలో పూనకం వస్తుంది, ఆ అమ్మ అమ్మవారి మాట చెప్పి, నీళ్లు తాగి, సాయంత్రానికి ఇంటికెళ్లి వంట చేసుకుంటుంది. ఊరంతా ఒప్పుకునే చోట, ఒప్పుకునే వేళలో వచ్చి పోయేదాన్ని జబ్బు అనక్కర్లేదు. కానీ డిగ్రీ చదివే అబ్బాయి గది తలుపులేసుకుని వారాల తరబడి బయటికి రాకుండా, ఎవరితోనో మాట్లాడినట్టు గొణుక్కుంటూ, తనలో తనే నవ్వుకుంటూ, స్నానం మానేసి, రాత్రంతా నడుస్తూ, పక్కింటివాళ్లు కెమెరాలు పెట్టారు, అన్నంలో ఏదో కలుపుతున్నారు అంటుంటే, అది సైకోసిస్, అంటే ఏది నిజమో ఏది కాదో తెలియని స్థితి, కావచ్చు. లేని గొంతులు నిజంగానే వినపడతాయి వాళ్లకు. ఎక్కువగా పదిహేను నుంచి ముప్పై ఏళ్ల మధ్య మొదలవుతుంది, వైద్యం ఎంత తొందరగా మొదలైతే అంత బాగా కోలుకుంటారు, మన దగ్గర ఆ విలువైన మొదటి నెలలు తాయెత్తులకు, దర్గాలకు, భూత వైద్యులకు పోతాయి. మీకు నమ్మకం ఉంటే గుడికీ వెళ్లండి, ఎవరూ వద్దనరు, కాకపోతే అదే వారం డాక్టర్ దగ్గరికీ వెళ్లండి. కొట్టడం, గొలుసులతో కట్టేయడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

ఆ అనుమానాల మీద వాదన పెట్టుకోవద్దు, "కెమెరాలు ఎక్కడున్నాయిరా, చూపించు" అంటే మీరూ శత్రువుల లిస్టులో చేరతారు. నిజమేనని ఒప్పుకోనూ వద్దు. "నాకైతే కనపడలేదు గానీ నీకు భయంగా ఉందని తెలుస్తోంది, నిద్ర లేక అలసిపోయావు, ముందు నిద్రకేమైనా చూపిద్దాం" అంటే చాలాసార్లు కదులుతారు.

డిప్రెషన్‌కు ఎదురుగా ఉండేది మితిమీరిన హుషారు. నాలుగైదు రోజులు, వారం, రాత్రికి రెండు గంటలే నిద్రపోయినా అలుపు లేదు, మాట ఆగదు, ఒకేసారి మూడు బిజినెస్‌లు మొదలుపెడతానంటాడు, అప్పు చేసి కారు బుక్ చేస్తాడు, అడ్డం వస్తే తిట్లు. ముందు రెండ్రోజులు ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు, దిగులు పోయిందిలే అని. ఇది మేనియా, బైపోలార్ జబ్బులో ఒక వైపు, రెండో వైపు డిప్రెషన్. గంటకో మూడ్ మారేవాళ్లను బైపోలార్ అనడం ఈమధ్య ఫ్యాషన్ అయింది, అది కాదు. డిప్రెషన్‌కు వైద్యానికి వెళ్లినప్పుడు "రెండేళ్ల కిందట ఒకసారి ఇలా వారం పాటు నిద్ర లేకుండా హుషారుగా ఉన్నాడు" అన్న ముక్క తప్పకుండా చెప్పండి, ఎందుకంటే బైపోలార్ ఉన్నవాళ్లకు ఒక్క డిప్రెషన్ మందే ఇస్తే మనిషి మేనియాలోకి తిరిగే ప్రమాదం ఉంది.

బాలింతలు, పిల్లలు, పెద్దవాళ్లు

కాన్పయిన రెండో మూడో రోజు నుంచి ఏడుపు, చిరాకు రావడం చాలామందికి మామూలే, రెండు వారాల్లో దానంతటదే పోతుంది. పోకపోతే, బిడ్డ మీద ఏమీ అనిపించట్లేదంటే, బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర రాకపోతే, అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్. పుట్టింట్లో తలుపులేసిన గదిలో ఉంటుంది కాబట్టి ఎవరి కంటా పడదు, పడినా "అందరం కన్నాం, నువ్వొక్కదానివేనా" అన్న మాట సిద్ధంగా ఉంటుంది. కాన్పయిన మొదటి రెండు మూడు వారాల్లో బాలింత నిద్ర పూర్తిగా పోయి, అయోమయంగా మాట్లాడుతూ, బిడ్డ గురించి వింత మాటలంటుంటే అది అరుదే గానీ ఎమర్జెన్సీ. తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

పిల్లలు, ఇంటర్ చదివేవాళ్లు దిగులుగా కంటే చిరాగ్గా కనిపిస్తారు. ఆదివారం బాగానే ఉండి సోమవారం పొద్దున కడుపునొప్పి, మార్కులు ఒక్కసారిగా పడిపోవడం, ఎండాకాలంలో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కా తీయకపోవడం (కింద కోసుకున్న గాట్లు ఉండొచ్చు). రెసిడెన్షియల్ కాలేజీలో ఉంటే మీకు దొరికేది ఫోన్ కాల్ మాత్రమే, అందులో ర్యాంకు గురించి అడిగే ముందు ఏం తిన్నావు, ఎవరితో తిన్నావు అని అడగండి. ఒంటరిగా తింటున్నాడని తెలిస్తే ఆ వారం వెళ్లి చూసి రండి.

పెద్దవాళ్లలో మతిమరుపు అనుకున్నది డిప్రెషన్ కావచ్చు. అసలు మతిమరుపు జబ్బున్నవాళ్లు మర్చిపోయామని ఒప్పుకోరు, ఏదో ఒకటి చెప్పి సర్దేస్తారు, డిప్రెషన్ ఉన్నవాళ్లు "నాకేం గుర్తుండట్లేదు, ఏమడిగినా తెలియదు" అని వాళ్లే అంటారు. ఇది పక్కా కొలత కాదు, ఒక ఆనవాలు. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న పిల్లలు వీడియో కాల్‌లో మొహం కంటే వెనకాల ఇల్లు చూడాలి, ఎప్పుడూ సర్ది ఉండే ఇల్లు చిందరవందరగా ఉందా, మధ్యాహ్నం మూడింటికి కూడా కర్టెన్లు మూసి ఉన్నాయా అని.

తాగుడు మానేసిన మూడో రోజు

తాగేవాళ్లను తిట్టడం అందరికీ వచ్చు, మానేశాక వచ్చే ప్రమాదం తక్కువమందికి తెలుసు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి మాల వేసుకున్నాడనో ఒట్టు పెట్టుకున్నాడనో ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రోజు చేతుల వణుకు, చెమటలు, నిద్ర లేకపోవడం, ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య అయోమయం, గోడల మీద పురుగులు పాకుతున్నాయనడం, ఇంట్లోవాళ్లను గుర్తుపట్టకపోవడం. పిచ్చెక్కింది అనుకుంటారు, ఇది ప్రాణం తీసే పరిస్థితి, వెంటనే ఆస్పత్రిలో చేర్చాలి. తెలంగాణలో కల్తీ కల్లుతో ఇదే ఇంకో రూపంలో వస్తుంది, అందులో కలిపే డైజిపాం, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు ఒంటికి అలవాటైపోయి, కల్లు దొరకని రోజు మనిషి అల్లాడిపోతాడు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడ్డ మొదటి రోజుల్లోనే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి ఇలాంటివాళ్లు పెద్ద సంఖ్యలో వచ్చారు. మానాలనుకోవడం మంచిదే, డాక్టర్ సాయంతో మానాలి.

చావు మాట వస్తే

"నేను లేకపోతే మీరంతా హాయిగా ఉంటారు", "ఇంక ఎన్నాళ్లులే" లాంటి మాటల్ని బెదిరింపు అనుకోవద్దు. అప్పులు, కాగితాలు హడావుడిగా సర్దడం, ఇష్టమైన వస్తువులు పంచేయడం, ఎన్నాళ్లుగానో కుమిలిపోతున్న మనిషి ఒక్కసారిగా ప్రశాంతంగా మారడం కూడా చూడాలి. సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ, అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే ఉపన్యాసం వద్దు, ఒంటరిగా వదలొద్దు. వ్యవసాయం ఉన్న ఇళ్లలో పురుగుల మందు, గడ్డి మందు ఆ పూటే ఇంట్లోంచి తీసేసి వేరేవాళ్ల దగ్గర తాళంలో పెట్టించండి, మిగిలిన మాత్రలు కూడా. ఆ ఆవేశం తరచుగా కాసేపే ఉంటుంది, ఆ కాసేపు చేతికి ఏమీ అందకపోతే మనిషి బతుకుతాడు. అప్పటికే ఏదైనా జరిగితే 108. పోలీసు కేసు అవుతుందని ఆస్పత్రిలో దాచకండి, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి, శిక్షించడానికి కాదు.

ఎక్కడికి వెళ్లాలి, రానంటే ఏం చేయాలి

"ఎర్రగడ్డకు పంపాలి వీణ్ణి", "చినవాల్తేరు కేసు" అని జోకులేసుకుని పెరిగాం, ఆ జోకుల వల్లే ఇప్పుడు ఇంట్లోవాళ్లకు చూపించడానికి కాళ్లు రావట్లేదు. హైదరాబాద్, విశాఖల్లో ఉన్న ఆ రెండు మానసిక ఆస్పత్రుల్లో కూడా చాలామంది ఓపీలో చూపించుకుని మందులు తీసుకుని ఇంటికెళ్లేవాళ్లే. అంత దూరం అక్కర్లేదనుకుంటే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. మందులు రాసేది సైకియాట్రిస్ట్, మాట్లాడి చికిత్స చేసేది క్లినికల్ సైకాలజిస్ట్, ఆయనకు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడంలో తప్పులేదు, వారాంతపు కోర్సు చేసి కౌన్సెలర్ బోర్డు పెట్టుకునేవాళ్లు పెరిగారు. వెళ్లేటప్పుడు మార్పును దగ్గరుండి చూసిన ఒకరు తోడు వెళ్లాలి, రాసుకున్న తేదీలు, పాత రిపోర్టులు, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు పట్టుకెళ్లండి. డిప్రెషన్ మందు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మొదటి వారంలో వికారం, తలనొప్పి ఉండొచ్చు, బాగైపోయిందని నెలకే ఆపేస్తే తిరగబెడుతుంది, ఎప్పుడు తగ్గించాలో డాక్టరే చెబుతారు.

రానంటే బలవంతంగా కారెక్కించే ముందు "నీకు పిచ్చి లేదు, నిద్ర కోసం వెళ్దాం" అని చూడండి, ముందు మామూలు ఫిజీషియన్ దగ్గరికైనా ఒప్పుకుంటారేమో. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే మనవాళ్లు మాట్లాడరు, బండి మీద వెళ్తూనో చిక్కుళ్లు ఒలుస్తూనో అడిగితే మాట వస్తుంది. "నీకేం తక్కువ" అన్న ప్రశ్న ఎవరూ వేయకుండా ఇంట్లో మిగతావాళ్లకు ముందే చెప్పిపెట్టండి. అన్నంలో, కాఫీలో మాత్రలు కలిపి ఇవ్వడం కొన్ని ఇళ్లల్లో నడుస్తుంది, దొరికిపోయిన రోజు ఆ మనిషి మీ చేతి అన్నం కూడా నమ్మడు, సైకోసిస్ ఉన్నవాళ్లకైతే అనుమానం నిజమైనట్టే.

అప్పటికీ రాకపోతే మీరే వెళ్లి డాక్టర్‌తో మాట్లాడి రావచ్చు, లేదా టెలిమానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఉచిత సేవ అది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ముందు కౌన్సెలర్ వింటారు, అవసరమైతే డాక్టర్‌కు కలుపుతారు. జబ్బున్న మనిషే చేయాలని లేదు, ఇంట్లోవాళ్లు కూడా చేసి "మా అన్నయ్య ఇలా ఉన్నాడు, రానంటున్నాడు, ఏం చేయాలి" అని అడగొచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు అలాంటి నంబరు 988.